మందు డబ్బా తీసే ముందు: చేనులోని మిత్ర పురుగులతో పని చేయించుకోవడం ఎలా

పత్తి మొలిచి నెల దాటిందో లేదో ఆకుల అడుగున పేనుబంక కనబడుతుంది. అది కనబడిన రోజే మందుల దుకాణానికి పోయే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. "అన్నా, ఈ రెండూ కలిపి కొట్టు, పదిహేను రోజులు చేను దిక్కు చూసే పని లేదు" అని కౌంటర్ వెనక నుంచి మాట వస్తుంది. కొడితే పురుగు పడుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ పేనుబంకను తినడానికి అప్పుడప్పుడే చేనులోకి దిగిన అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు కూడా దాంతోపాటే పడతాయి. పేనుబంక గుడ్లు పెట్టకుండానే పిల్లల్ని కంటుంది, వారం పది రోజుల్లో ఆ పిల్లలు తల్లులవుతాయి. దాన్ని తినే పురుగుకు గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి మూడు వారాలు పడుతుంది. అందుకే మందు కొట్టిన చేనులో తినబడేది ముందు తిరిగి వస్తుంది, తినేది వెనక వస్తుంది. ఆ మధ్య కాలంలో రెండో మందు కొడతాం, ఆ తర్వాత మూడోది.

మునుగోడు, చండూరు, దేవరకొండ పత్తి చెల్కలైనా, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు కంది, ఆముదం చేలైనా, మిర్యాలగూడ, హాలియా వరి పొలాలైనా, నల్లగొండ బత్తాయి తోటలైనా లెక్క ఇదే. మిత్ర పురుగులను బయటి నుంచి తెచ్చి వదలొచ్చు, ఎలా వదలాలో కింద చెబుతాను. కానీ అది రెండో పని. ఇప్పటికే చేనులో ఉన్నవాటిని గుర్తుపట్టి, వాటిని చంపకుండా ఉండటం మొదటి పని. ఈ మొదటి పని చేయకుండా మిత్ర పురుగుల్ని పెంచి ఇచ్చే అట్ట కార్డులు కొని కట్టిన డబ్బు మట్టిలో పోసినట్టే.

ముందు చేనులో ఎవరున్నారో చూడండి

వారానికి ఒక పొద్దున, ఎండ ముదరకముందు చేనులోకి పోండి. పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం, ఒక తెల్ల కాగితం, నోటు పుస్తకం చాలు. గెట్టు పక్కన రెండు మూడు మీటర్లు వదిలేసి, చేను మొత్తం మీద ఐదు చోట్ల, చోటుకు నాలుగు మొక్కలు, మొత్తం ఇరవై మొక్కలు చూడండి. ఒక్కో మొక్కకు పై ఆకు, నడిమి ఆకు, కింది ఆకు తిప్పి అడుగు భాగం చూడాలి. తామర పురుగుల కోసం పూతను, లేత చివళ్లను తెల్ల కాగితం మీద దులపండి. పుస్తకంలో ఎడమ వైపు పంటను తినే పురుగుల లెక్క, కుడి వైపు వాటిని తినేవాటి లెక్క రాయండి.

కుడి వైపు రాయడానికి మొదట్లో ఏమీ దొరకదు. అక్కడ ఏమీ లేక కాదు, మన కంటికి అలవాటు లేక. అందుకే వాటి ఆనవాళ్లు కొంచెం వివరంగా చెబుతాను.

అక్షింతల పురుగు పెద్దది అందరికీ తెలిసిందే. ఎర్రగానో నారింజ రంగులోనో ఉండి, వీపు మీద నల్ల చుక్కలో, వంకర గీతలో ఉంటాయి. చాలామంది గుర్తుపట్టనిది దాని పిల్లను. అది మొసలి పిల్లలా పొడుగ్గా, నల్లటి బూడిద రంగులో, మధ్యమధ్య నారింజ మచ్చలతో, ఆరు కాళ్లతో చకచకా నడుస్తుంది. చూడగానే "ఇదేదో కొత్త పురుగు" అనిపించి నలిపేస్తారు. పెద్దదానితో సమానంగా పేనుబంకను తినేది ఈ పిల్లే. గుడ్లు పసుపు రంగులో, ఆకు అడుగున, నిలువుగా నిలబెట్టినట్టు గుంపుగా ఉంటాయి. ఆ గుంపు కనబడిందంటే నాలుగైదు రోజుల్లో మీ మొక్క మీదకు పనివాళ్లు వస్తున్నారని అర్థం.

ఒక్క జాగ్రత్త. వంగ, కాకర తోటల్లో ఆకును గీకి జల్లెడ చేసే పురుగును కూడా మన దగ్గర అక్షింతల పురుగే అంటారు. అది శత్రువు. తేడా తేలిక: మిత్రుడి వీపు అద్దంలా మెరుస్తుంది. ఆకు తినేదాని వీపు మీద సన్నని నూగు ఉండి మసకగా ఉంటుంది, చుక్కలు కూడా చాలా ఎక్కువ. దాని పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో, ఆకుకు అతుక్కొని కదలకుండా ఉంటుంది.

అల్లిక రెక్కల పురుగును రాత్రి దీపం దగ్గర చూసే ఉంటారు. లేత ఆకుపచ్చ ఒళ్లు, వల లాంటి పలచని రెక్కలు, బంగారు రంగు కళ్లు. పెద్దది పూల తేనె, పుప్పొడి తిని బతుకుతుంది, వేట పిల్లదే. గుడ్లు చూస్తే మళ్లీ మర్చిపోరు: ఆకు మీద వెంట్రుక లాంటి సన్నని కాడ, ఆ కాడ కొసన ఒక్క గుడ్డు. ముందు పొదిగిన పిల్ల పక్క గుడ్డును తినేయకుండా తల్లి చేసిన ఏర్పాటు అది. పిల్ల కండె ఆకారంలో, బూడిద గోధుమ రంగులో ఉంటుంది. మూతి ముందు కొడవళ్ల లాంటి రెండు కొండీలు. వాటితో పేనుబంకను పట్టి ఎత్తి, రసం పీల్చి, తోలు పడేస్తుంది. తెల్లదోమ పిల్లలు, తామర పురుగులు, చిన్న పిండినల్లి, రెక్కల పురుగుల గుడ్లు, ఏది దొరికినా వదలదు. భూతద్దం కింద ఒక్కసారి ఈ వేట చూసినవాళ్లు ఆ మధ్యాహ్నం మందు కొట్టలేరు.

పేనుబంక గుంపు నడుమ కాళ్లు లేని, జలగలా సాగే, లేత పచ్చటి పురుగు కనబడితే అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. దాన్ని కూడా కుడి వైపు రాయండి. సాలీడు ఏ రకమైనా కుడి వైపే.

వరిలో చూడాల్సినవి వేరు. దుబ్బును కొద్దిగా వంచి మొదట్లో తట్టండి. నీళ్ల మీద పడిన, వరి రసం పీల్చే సుడిదోమలతోపాటు సన్నగా, ఆకుపచ్చగా, తల దగ్గర నల్లగా ఉండి వేగంగా పరుగెత్తేవి కనబడతాయి. అవి మిరిడ్ నల్లులు. ఆకు తొడుగులో సుడిదోమ పెట్టిన గుడ్లను వెతికి పీల్చేస్తాయి. రైతులు వీటిని పచ్చదోమ అనుకొని లెక్కలో కలిపి మందు కొట్టడం సాగర్ ఆయకట్టులో ఎక్కువగా జరిగే పొరపాటు. నీటి మీద పరుగెత్తే తోడేలు సాలీళ్లు, పైన తిరిగే తూనీగలు కూడా దోమల్ని తింటాయి.

ఆముదంలో దాసరి పురుగు పడ్డప్పుడు పురుగుల్ని లెక్కపెట్టడమే కాదు, వాటి ఒంటిని చూడండి. కొన్ని పురుగులు కదలకుండా మందకొడిగా ఉండి, వెనక భాగానికి బియ్యపు గింజ లాంటి గూడు అంటుకొని ఉంటుంది. ఆ పురుగు కడుపులో దాన్నే తింటూ పెరిగిన బదనిక, అంటే చిన్న కందిరీగ పిల్ల, బయటికొచ్చి కట్టుకున్న గూడు అది. మొక్కకు ఇలాంటివి ఒకటో రెండో కనబడుతుంటే మందు అవసరం లేదు, ఆగండి.

లెక్క చూసి నిర్ణయం తీసుకోండి

రెండు వైపులా కూడితే ఒక నిష్పత్తి వస్తుంది. రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే చేను తనను తాను చూసుకుంటుందని సమగ్ర సస్యరక్షణలో చెప్పే లెక్క. అంతకంటే మిత్రులు తగ్గితే నాలుగు రోజులాగి మళ్లీ చూడండి. మిత్రుల సంఖ్య పెరుగుతుంటే ఇంకా ఆగొచ్చు. శత్రువులే పెరుగుతుంటే అప్పుడు ఏదో ఒకటి చేయాలి. పత్తిలో పచ్చదోమ ఆకుకు రెండు పిల్లలు దాటినా, వరి పిలకల దశలో సుడిదోమ దుబ్బుకు 10–15 దాటినా, ఈ మిత్రుల లెక్క చూశాకే పంపు ఎత్తండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మిత్ర పురుగులు శత్రువును పూర్తిగా మాయం చేయవు, చేయకూడదు కూడా. చేనులో పేనుబంక అసలే లేకపోతే అక్షింతల పురుగు ఆకలికి పక్క చేనుకు పోతుంది. పురుగు కనబడటం వేరు, పంటకు నష్టం రావడం వేరు.

వాటికి తిండి, నీడ ఇవ్వండి

ఈ పని విత్తే రోజే మొదలవుతుంది. పత్తి చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న గానీ మక్క గానీ వేయండి. గాలికి కొట్టుకొచ్చే రసం పీల్చే పురుగులకు అది అడ్డు, పుప్పొడి తినే మిత్రులకు అది తిండి. పత్తి వరుసల మధ్య, అంచుల్లో బొబ్బర్లు చల్లండి. బొబ్బర్ల మీద పేనుబంక ముందు వస్తుంది, దాని వెనకే అక్షింతల పురుగులు దిగుతాయి. పత్తిలో అవసరం పడ్డప్పుడు, అక్షింతల పురుగు పిల్లలు బాగా ఉన్న బొబ్బర తీగ చివళ్లను పొద్దున్నే తుంచి, పేనుబంక ఉన్న పత్తి మొక్కల మీద పెట్టండి. పైసా ఖర్చు లేకుండా మిత్ర పురుగులు వదలడమంటే ఇదే. నా దృష్టిలో కొని తెచ్చే ఏ డబ్బా కంటే ఇది మేలు, ఎందుకంటే అవి మీ చేను ఎండకు, గాలికి అలవాటు పడ్డవి.

గెట్ల మీద ధనియాలు, ఆవాలు, సోంపు, బంతి కొంచెం కొంచెం వేయండి. చిన్న చిన్న పూలున్న మొక్కల్లో తేనె పైపైనే దొరుకుతుంది, సన్నని కందిరీగలకు, సిర్ఫిడ్ ఈగలకు అదే కావాలి. గునుగు దానంతట అది మొలిచే గెట్టు ఉంటే గడ్డిమందు కొట్టకండి. బతుకమ్మకు పూలు దొరుకుతాయి, ఆ కాలంలో పత్తిలో తిరిగే ఈగలకు, కందిరీగలకు వాలే చోటూ దొరుకుతుంది. అయితే గెట్టు మీద మొలిచిందల్లా ఉంచమని కాదు. వయ్యారిభామ, తుత్తురుబెండ పిండినల్లికి, తెల్లదోమకు పుట్టిళ్లు, అవి పీకేయాల్సిందే.

వరి నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. గాలి, వెలుతురు దుబ్బుల మొదళ్లకు అందితే సుడిదోమ తగ్గుతుంది.

మందు తప్పనిసరైతే మిత్రులు బతికేలా కొట్టండి

పత్తి మొదటి రెండు నెలలు అన్నింటికంటే ముఖ్యం. బీటీ గుణం కాయ తొలిచే పురుగుల కోసం, రసం పీల్చే పురుగుల మీద అది పనిచేయదు. ఆ రెండు నెలల్లో పైన మందు కొట్టకుండా నెట్టుకొస్తే మిత్రులు నిలదొక్కుకుంటాయి. దానికి మన దగ్గర మంచి దారి ఉంది: కాండానికి మందు పూయడం. ఇమిడాక్లోప్రిడ్ ఒక వంతుకు ఇరవై వంతుల నీళ్లు కలిపి, విత్తిన 20, 40, 60 రోజులకు లేత కాండం మీద బ్రష్‌తో పూస్తారు. మందు మొక్క రసంలోకి పోతుంది, రసం పీల్చేది చస్తుంది, ఆకు మీద తిరిగే అక్షింతల పురుగు మీద మందు పడదు. కూలి ఎక్కువంటారు గానీ, తప్పిపోయిన పిచికారీల ఖర్చుతో పోల్చి చూడండి.

పైన కొట్టక తప్పకపోతే ముందు ఐదు శాతం వేప గింజల కషాయం. 10 కిలోల గింజల పొడిని గుడ్డలో మూటగట్టి, నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పిండి, వడకట్టి, మొత్తం 200 లీటర్లు చేసి, కొద్దిగా సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొట్టాలి. అది చాలకపోతేనే రసాయనం, అదీ పురుగు ఉన్న చోటనే. పేనుబంక ఎప్పుడూ చేనంతా ఒకేసారి రాదు, మొదట గుంపులు గుంపులుగా వస్తుంది. ఆ గుంపుల వరకే కొట్టి మిగతా చేను వదిలేస్తే, మిత్రులు అక్కడి నుంచి మళ్లీ పాకుతాయి.

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లను వరిలో అసలు వాడకండి. అవి సాలీళ్లను, మిరిడ్ నల్లుల్ని ఊడ్చేసి సుడిదోమను ఎగదోస్తాయి. పత్తిలో తెల్లదోమ విషయంలోనూ అదే జరుగుతుంది. డబ్బా మీద పచ్చ త్రిభుజం ఉంది కదా అని ధైర్యపడొద్దు. ఆ గుర్తు విషం తీవ్రత తక్కువని చెబుతుందే తప్ప మిత్ర పురుగును చంపదని చెప్పదు.

ఇక తెచ్చి వదిలేవి

ట్రైకో కార్డులు ఎక్కువగా దొరుకుతాయి. ట్రైకోగ్రామా నిజానికి వేటాడి తినేది కాదు, బదనిక. కంటికి కనీకనబడనంత కందిరీగ, రెక్కల పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టి, ఆ పురుగు పుట్టకుండానే ఆపేస్తుంది. బియ్యపు పురుగు గుడ్లను అట్ట మీద అంటించి, వాటిలో దీన్ని పెంచి ఇస్తారు. ఒక కార్డులో దాదాపు 20 వేల గుడ్లు. వరి కాండం తొలుచు పురుగుకు ట్రైకోగ్రామా జపానికం, ఆకుముడతకు ట్రైకోగ్రామా కిలోనిస్ అడగాలి. పేరు చెప్పకుండా "ట్రైకో కార్డు" అంటే ఏదో ఒకటి ఇస్తారు.

ఎకరానికి రెండు కార్డులు. ఒక్కో కార్డును ఇరవై ముక్కలు చేస్తే నలభై ముక్కలవుతాయి. ఆ కందిరీగ ఎక్కువ దూరం ఎగరలేదు కాబట్టి ప్రతి పది మీటర్లకు ఒక ముక్క పెట్టాలి, అలా నలభై ముక్కలు ఎకరానికి సరిగ్గా సరిపోతాయి. ఆకు అడుగున, గుడ్లున్న వైపు కిందికి ఉండేలా స్టేప్లర్‌తో కొట్టండి. ఎండలో కాదు, సాయంత్రం. వరిలో లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టేవి) రెక్కల పురుగులు పడటం మొదలైనప్పుడు తొలి విడత, ఆ తర్వాత వారానికోసారి నాలుగైదు విడతలు. పురుగు కాండంలోకి దూరి మొవ్వు చచ్చాక కార్డు కట్టి లాభం లేదు, అది గుడ్డు మీదే పనిచేస్తుంది.

కార్డు మంచిదో కాదో చేతికి అందగానే చూడండి. గుడ్లు నల్లగా ఉండాలి, పసుపుగా ఉన్నవి ఎక్కువైతే లోపల కందిరీగ లేనట్టే. నల్ల గుడ్లకు ఇప్పటికే సన్నని రంధ్రాలుంటే కందిరీగలు దారిలోనే వెళ్లిపోయినట్టు. బండి మీద ఎండలో తీసుకురావొద్దు, తడిగుడ్డ చుట్టిన థర్మాకోల్ డబ్బాలో తేవాలి.

అల్లిక రెక్కల పురుగులు గుడ్లుగానో, చిన్న పిల్లలుగానో వస్తాయి. ఒకదాన్నొకటి తింటాయి కాబట్టి పొట్టులోనో కాగితపు ముక్కల్లోనో విడివిడిగా కలిపి పంపుతారు. వచ్చిన సాయంత్రమే వదలాలి, రేపటికి ఉంచితే సగం మిగులుతాయి. పొట్టుతో సహా, పేనుబంక ఉన్న మొక్కల ఆకుల మీద చిటికెడు చిటికెడు చల్లండి.

బత్తాయి తోటలో పిండినల్లికి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు ఉంది. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. పెద్దది నల్లటి ఒంటికి నారింజ తల. పిండినల్లి ఉన్న చెట్టుకు పదేసి చొప్పున సాయంత్రం వదలండి. వదిలాక రెండు జాగ్రత్తలు. మొదటిది చీమలు: పిండినల్లి వదిలే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, క్రిప్టోలీమస్‌ను తరిమేస్తాయి. కాండం చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు పూసి, నేలను తాకే కొమ్మలు కత్తిరించాకే పురుగుల్ని వదలాలి. రెండోది, దీని పిల్ల ఒంటి నిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలా ఉంటుంది. "పిండినల్లి ఇంకా పెద్దదైంది" అనుకొని మందు కొట్టి, కొని తెచ్చిన పురుగుల్నే చంపుకున్నవాళ్లున్నారు. పుల్లతో కదిలించి చూడండి. పిండినల్లి కదలీ కదలనట్టుంటుంది, క్రిప్టోలీమస్ పిల్ల చురుగ్గా నడుస్తుంది.

బొప్పాయి పిండినల్లి కథ ఈ పని ఎంత దూరం పోగలదో చూపిస్తుంది. 2008లో అది మన దేశంలో మొదట కోయంబత్తూరు దగ్గర కనబడి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని తుడిచిపెట్టింది. ఏ మందుకూ లొంగలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ సంస్థ ప్యూర్టో రికో నుంచి ఎసిరోఫాగస్ పపాయే అనే చిన్న బదనికను తెప్పించి వదిలితే, కొద్ది నెలల్లో పిండినల్లి అదుపులోకి వచ్చింది.

ఎక్కడ దీని మీద ఆధారపడొద్దు

గులాబీ రంగు పురుగు కాయలోకి దూరాక ఏ మిత్ర పురుగూ దాన్ని అందుకోలేదు. అక్కడ లింగాకర్షక బుట్టలు, విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు ఏరేయడం, డిసెంబరు దాటి పత్తిని ఉంచకపోవడమే దారి. 2021 నుంచి మిరపలో చూస్తున్న కొత్త తామర పురుగు పూలలో వందలుగా చేరాక అల్లిక రెక్కల పిల్లలు వదిలి కాపాడుకోలేం. నీలిరంగు జిగురు అట్టలు మొదటి నుంచీ పెట్టి, అంచున మక్క వేసి, పూతకు ముందే మిత్రుల్ని నిలబెట్టుకోవాలి. పక్క చేనువాళ్లు వారానికోసారి మందు కొడుతుంటే మీ ఒక్క ఎకరంలో ఫలితం సగమే ఉంటుంది, నలుగురు కలిసి ఒకే వరుసలో చేస్తే తేడా బాగా కనబడుతుంది.

కార్డులు కట్టాక పనిచేశాయా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వారం తర్వాత వరి ఆకుల కొసల మీద గోధుమ రంగు నూగుతో కప్పి ఉన్న కాండం తొలుచు పురుగు గుడ్ల గుంపులు ఓ పది, ఆకు ముక్కతో సహా కోసి తెండి. గాజు సీసాలో వేసి, మూతికి పలచని బట్ట కట్టి నీడన పెట్టండి. సన్నని నల్ల కందిరీగలు బట్ట మీదకు పాకుతూ వస్తే కార్డులు పట్టినట్టు. చిన్న పురుగులు దారాలు వదులుతూ వస్తే విడతలు ఇంకా పెంచాలి, లేదా కార్డులు మంచివి కావు.

కార్డులు, పురుగులు అడిగిన రోజు దొరికేవి కావు. పెంచడానికే పది పదిహేను రోజులు పడుతుంది కాబట్టి నాటు వేసిన వారంలోనే చెప్పి పెట్టుకోవాలి. పాలెం పరిశోధనా స్థానంలో గానీ, కంపాసాగర్, గడ్డిపల్లి, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో గానీ శాస్త్రవేత్తలను కలిస్తే ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. గుంపుగా పెంచుకోవాలనుకునేవాళ్లకు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ శిక్షణ ఇస్తుంది. పోయేటప్పుడు మీ నోటు పుస్తకం పట్టుకుపోండి, ఎడమ వైపు, కుడి వైపు లెక్కలు చూస్తే మీ చేనుకు ఏది కావాలో వాళ్లు అక్కడికక్కడే చెప్పగలరు.